మూత తీయని సీసా

పెంచలయ్య సార్ నిర్యాణవార్త మంగళవారం పొద్దున ఆత్మకూరు బస్టాండులో విన్నాను. ఉదయగిరి బస్సు దిగిన మా ఫ్యాక్టరీ మనిషి చెప్పాడు. దిగ్భ్రాంతితో అక్కడే నిలబడిపోయాను. ముందురోజు సాయంత్రమే కదా ఆయన నాతో మాట్లాడింది. ఆ మాటలే అప్పటినుంచి నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఆయన మా ప్లాస్టిసైజర్ ఫ్యాక్టరీకి ప్రధాన రసాయనవేత్త, నాకు గురువు. గట్టి పీవీసీని మెత్తని ట్యూబుగా, కరెంటు వైరు తొడుగుగా మలచడానికి కలిపే నూనె మాది. దానికి మూలం ఒక ఆల్కహాలు. "తాగేది కాదు, ఆశపడొద్దు" అని కొత్తవాళ్లను ఆటపట్టించేవారు. యౌవనమంతా ఆ ఆల్కహాలు తయారుచేసే పెద్ద కర్మాగారంలోనే ధారపోశారు. ముడిచమురు నుంచి వచ్చే వాయువును ఆల్డిహైడు అనే రసాయనంగా మార్చడం, దాని అణువులను రెండేసి జతచేసి హైడ్రోజన్ పట్టించడం, అంతా రెండు చేతుల వేళ్లు పెనవేసి చూపించేవారు. నాకు మళ్లీ పుస్తకం తెరవాల్సిన పని పడలేదు.

నూనె తయారయ్యాక మిగిలిన ఆల్కహాలును పూర్తిగా లాగేయాలి. లేకపోతే ట్యూబు కంపు కొడుతుంది, జిగటపడుతుంది. అందుకే పరీక్షలన్నీ అయినా సార్ నమూనా సీసా మూత తీసి వాసన చూసేవారు. రెండేళ్ల కిందట జ్వరమొచ్చి ఆయన ఘ్రాణశక్తి పోయింది. మరొకరైతే దాచేవారు. ఆయన నన్ను చూపిస్తూ అందరి ముందే చెప్పేశారు.

"నా ముక్కు పోయినాది. ఇంకమీద ఈ అమ్మాయి ముక్కే నాది."

సోమవారం సాయంత్రం మా ఊరు అనంతసాగరం పోయే ఆటో తప్పిపోతుందని తొందరలో ఉన్నాను. సార్ సీసా నా చేతికిచ్చి కాగితాల వైపు తిరిగారు.

"ఏమ్మా, వాసన ఉండాదా?"

"లేదు సార్."

"బాగా చూసినావా?"

"చూసినాను సార్."

నేను మూతే తీయలేదు. ఆయన సరుకు పంపొచ్చని సంతకం పెట్టారు.

సార్ సొంతూరు ఉదయగిరిలో అంత్యక్రియలు ముగిశాక నేరుగా ఫ్యాక్టరీకి వచ్చి ఆ సీసా తెరిచాను. గుప్పుమంది. లారీకెక్కిన డ్రమ్ములు దించమన్నాను.

"సార్ సంతకం ఉండాది కదమ్మా, ఏంది నీ బాధ?" అన్నాడు మేనేజరు.

"అది నా అబద్ధాన్ని నమ్మి పెట్టినారు" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సరుకంతా మళ్లీ శుద్ధికి వెళ్లింది.

గురువర్యా, అంతటి విద్యనూ అంతటి నమ్మకాన్నీ ఒకే మనిషిలో నేనింక చూడబోను. నా అశ్రునివాళి ఇంతే. ఈసారి మూత తీశాను సార్. మూడుసార్లు చూశాను, వాసన లేదు. "బాగా చూసినావా" అని అడిగేవారే లేరు.