మా అత్తయ్యగారు తెచ్చిన ట్రాఫిక్

మా ఇంట్లో నాకు ఏ లోటూ లేదండి. ఈ మాట నాది కాదు, పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ చుట్టాలంతా నాకు చెబుతూ వస్తున్నదే. భీమవరానికి దగ్గర్లో ఊరు, కాస్త వరి, కాస్త రొయ్యల చెరువులు, తట్టుకోలేనంత మర్యాద. చీర కావాలంటే చీర, సీజన్లో పులస కావాలంటే పులస. నా సొంతానికి ఒక్క రూపాయి కావాలంటే మాత్రం మా ఆయన్ని అడగాలి. అడిగితే ఇస్తారు, పాపం మంచివారే. ఆ అడగడం దగ్గరే నాకు ఒళ్ళు మండేది. పెళ్ళికి ముందు తణుకులో ఒక స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పి నెలనెలా జీతం అందుకున్నదాన్ని మరి.

అలాంటి నేను కార్తీకమాసంలో ఒక సోమవారం మా అత్తయ్యగారితో పంచారామాల బస్సెక్కాను. ఒక్కరోజులో అయిదు గుళ్ళు. శివుడు అయిదుచోట్లా చక్కగానే కనిపించాడు. కనిపించనిది బాత్రూమ్. బస్సులో ఆడవాళ్ళంతా భక్తితో ఉపవాసం ఉన్నారని డ్రైవర్ అనుకున్నాడు గానీ, సగంమంది మంచినీళ్ళు కూడా ముట్టుకోనిది భక్తితో కాదు, భయంతో. ద్రాక్షారామంలో క్యూలో ఎవరో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇక్కడెక్కడైనా ఉందాండీ?" అని గుసగుసగా అడిగింది. ఎంత అవస్థలో ఉందో ఆ గొంతులోనే తెలిసిపోయింది.

ఇంటికొచ్చాక అదే రాశాను. సొంతంగా ఒక వెబ్‌సైట్ పెట్టి, ఏ గుడి దగ్గర బాత్రూమ్ ఎక్కడుంది, శుభ్రంగా ఉందా లేదా, టిఫిన్ ఎక్కడ బావుంటుంది, చెప్పులు ఎక్కడ వదిలితే తిరిగి దొరుకుతాయి, తెలిసినవాళ్ళని అడిగి మరీ అన్నీ రాశాను. స్థలపురాణం జోలికి పోలేదు. అది రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నా పేజీల పక్కన ప్రకటనలు వెయ్యడానికి ఒక కంపెనీ ఒప్పుకుంది. చదివేవాళ్ళు ఎవరైనా ఆ ప్రకటన నొక్కితే నాకు కాస్త చిల్లర రాలుతుంది. అది కూడి కూడి వాళ్ళు పెట్టిన గీత దాటాక బ్యాంకులో వేస్తారు. ఇదీ ఏర్పాటు.

ఇక చూడండి నా అవస్థ. పేజీకి ఎంతమంది వచ్చారో, ఏ ఊరినుంచి వచ్చారో, ఎంతసేపు ఉన్నారో చూపించే గ్రాఫ్ ఒకటి ఉంటుంది. పప్పు పొయ్యి మీద పెట్టి గ్రాఫ్ చూసేదాన్ని, పప్పు దించి మళ్ళీ చూసేదాన్ని. ఒకరోజు జర్మనీ నుంచి ఎవరో సామర్లకోట బాత్రూమ్ పేజీ తెరిచారు. జర్మనీలో ఉన్న మనిషికి సామర్లకోటలో అంత అర్జంటు ఏమొచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. జనం ఊరికే రారు కదా, ప్రచారం కూడా చెయ్యాలి. భజన గ్రూపుల్లో, మహిళామండలి గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో లింకులు పెట్టాను. ఒక్కరూ తెరవలేదు. లింకు కింద దణ్ణం బొమ్మ పెట్టేవారు, అంతే. గుడి పేరు కనబడింది, దణ్ణం పెట్టేశాం, పుణ్యం వచ్చేసింది, ఇంక చదవడమెందుకు?

అయినా ముక్కూమొహం తెలియనివాళ్ళు సెర్చ్‌లో వెతుక్కుంటూ మిగిలిన కార్తీకమంతా వచ్చారు. కార్తీకం వెళ్ళగానే గ్రాఫ్ నేలమీద పడుకుంది. సరిగ్గా అప్పుడే మా బావగారు రంగంలోకి దిగారు.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. భీమవరంలో ఆయనకి రొయ్యల మేత అమ్మే షాపు ఉంది. కౌంటర్లో కూర్చునే గుమాస్తా మానేశాడట. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, పలావు రెండోసారి వడ్డించుకుంటూ, "అమ్మాయి ఖాళీగానే ఉంటోంది కదరా, వచ్చి కౌంటర్లో కూర్చుంటే నాకు బెంగుండదు. కంప్యూటర్ కూడా వచ్చు" అన్నారు. మా ఆయన నసుగుతూ, "మరి జీతం..." అన్నారు. "ఇంట్లో మనిషికి జీతమేంట్రా, మరీ బావుంది!" అని బావగారు పడీ పడీ నవ్వారు. మర్యాదకి మా ఆయనా నవ్వారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను ఖాళీగా లేనండి. ఆన్‌లైన్లో పని చేసుకుంటున్నాను" అన్నాను.

"ఆయ్! అలాగా! ఏమాత్రం వస్తుందేంటమ్మా?" అని అడిగారు బావగారు. మా గోదావరి వాళ్ళ ఎటకారం మీకు తెలిసిందేగా, ఎంత మర్యాదగా ఉంటుందో.

బ్యాంకులో ఇంకా పైసా పడలేదు కాబట్టి పంతానికి పోయాను. ఉగాది లోపల కంపెనీ నుంచి మొదటి పేమెంట్ నా ఎకౌంట్లో పడితే ఎవరూ నా జోలికి రాకూడదు. పడకపోతే ఉగాది మర్నాడే వెళ్ళి ఆ కౌంటర్లో కూర్చుంటాను, జీతం ఊసు ఎత్తను. అందరి ముందూ అనేశాను. బావగారు పెరుగు కలుపుకుంటూ, "సరేనమ్మా, నీ ఇష్టం. అందాకా నేనే చూసుకుంటాలే" అన్నారు. గుమాస్తా దొరికేసినట్టే ఉంది ఆయన ధీమా.

మా అత్తయ్యగారు ఇదంతా వింటూనే ఉన్నారు. మర్నాడు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నన్ను పిలిచి, "ఒసే అమ్మాయ్, అసలు నీకు డబ్బులెలా వస్తాయే?" అని అడిగారు. ఫోన్లో పేజీ తెరిచి, ఇదిగో ఇవీ ప్రకటనలు, వీటిని నొక్కితే వస్తాయి అని చూపించాను. వెంటనే ఆవిడ వేలు ముందుకొచ్చింది. "అమ్మో, మన ఇంట్లో ఎవరూ నొక్కకూడదత్తయ్యా, కంపెనీ రూలు!" అని చెయ్యి పట్టుకుని ఆపాను. "ఔనౌను, నిజమేలే. బావుండదు" అన్నారు. ఎంత తొందరగా అర్థం చేసుకున్నారో అని మురిసిపోయాను కూడా.

మాఘమాసం వచ్చింది, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మా అత్తయ్యగారు ఏ పెళ్ళీ వదలరు. నేను ఇంట్లో కూర్చుని శివరాత్రికి కొత్త పేజీలు రాసుకుంటున్నాను: తణుకు నుంచి ఏ బస్సు మేలు, క్యూ ఎప్పుడు తక్కువ, చంటిపిల్లల తల్లులు ఎక్కడ కూర్చోవచ్చు. ఒకరోజు గ్రాఫ్ లేచింది. మర్నాడు ఇంకా లేచింది. ప్రకటనల మీద నొక్కుళ్ళు కుప్పలు తెప్పలు. చూస్తూండగానే కంపెనీ గీతకి దగ్గరగా వచ్చేశాను. శివరాత్రి మహిమ అనుకున్నాను. కాదు కాదు, నా రాతలోనే ఏదో ఉందనుకున్నాను. భోజనాల దగ్గర మా ఆయనకి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను, శీర్షిక ఎలా పెట్టాలి, జనం నాడి ఎలా పట్టుకోవాలి అని. ఆయన నోరు తెరుచుకుని విన్నారు. అత్తయ్యగారు తల వంచుకుని ముసిముసిగా నవ్వుతున్నారు. కోడలి తెలివికి పొంగిపోతున్నారనుకున్నాను.

శివరాత్రి వెళ్ళిన కొద్దిరోజులకి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ నొక్కుళ్ళు నిజమైన పాఠకులవి కావట, నా ఖాతా మూసేశారట, పోగైన సొమ్ము ప్రకటనలిచ్చినవాళ్ళకి తిరిగి ఇచ్చేస్తారట. నన్ను దొంగదాన్ని చేసేశారు! గ్రాఫ్ తెరిచి, ఈసారి అంకెలు వదిలేసి ఊళ్ళ పేర్లు చూశాను. ఉండి. ఆకివీడు. అత్తిలి. పాలకొల్లు. నరసాపురం. చదువుతుంటే ఇదేదో బాగా ఎరిగిన వరసే అనిపించింది. మా పెళ్ళి శుభలేఖలు పంచిన ఊళ్ళండి అవి, ఒక్కటీ తప్పిపోకుండా.

తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, "అత్తయ్యా, ఎవరికైనా నొక్కమని చెప్పారా?" అని అడిగాను.

ఆవిడ మొహం చేటంతయింది. "తెలిసిపోయిందా! నీకు చెప్పొద్దన్నానే వాళ్ళకి. పెళ్ళిలో కనబడ్డవాళ్ళనల్లా పక్కకి పిలిచి చెప్పాను. మీ ఇంట్లో ప్రతి శుభకార్యానికీ మేం చదివించాం, ఇప్పుడు మా కోడలికి మీరు చదివించండి, డబ్బులక్కర్లేదు, వేలితో నొక్కితే చాలు అన్నాను. ఒక్కళ్ళు కాదంటే ఒట్టు! ఆకివీడు వదినైతే పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టుకుని మరీ నొక్కుతోందట."

చదివింపులంటే మా వైపు ఆషామాషీ కాదండి. మన పెళ్ళిలో ఎవరేం చదివించారో గుర్తుపెట్టుకుని, వాళ్ళింట్లో పెళ్ళికి అంతకి తగ్గకుండా మనం తిరిగి చదివించాలి. తప్పితే పరువు పోతుంది. ఆ మర్యాద ఖర్చు లేకుండా, ఇంట్లో కూర్చుని, వేలితో తీర్చేసుకునే దారి దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు? ఫలానావాళ్ళు ఇన్నిసార్లు నొక్కారట అని తెలిసి, వాళ్ళకంటే తక్కువైపోతామేమోనని ఇంకొన్నిసార్లు నొక్కి ఉంటారు. చదవడం మాత్రం ఎవరూ చదవలేదు. ఆ సంగతి కంపెనీవాళ్ళకి కూడా తెలిసిపోయింది.

"మన ఇంట్లో ఎవరూ నొక్కకూడదన్నాను కదా!" అని అరిచాను.

"మన ఇంట్లో ఎవరు నొక్కారే! మన పెళ్ళిలో మనమే చదివించుకుంటామా ఎక్కడైనా? పైవాళ్ళేగా చదివించేది!"

నాకు కోపం ముంచుకొచ్చింది. ఖాతా పోయింది, వచ్చిన డబ్బు పోయింది, ఉగాది మర్నాడు నేను వెళ్ళి మేత బస్తాల మధ్య కూర్చోవాలి, అంతా మీవల్లే అని గడగడా అనేశాను. ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "అయ్యో, ఎంత పని చేశానే" అన్నారు, అంతే. ఆ మొహం చూశాక నాకు ఏడుపు ఆగలేదు. డబ్బు పోయినందుకు ఏడ్చానో, ఆవిణ్ణి అన్నందుకు ఏడ్చానో చెప్పలేను.

కంపెనీకి అప్పీలు పెట్టుకోవచ్చన్నారు. మా చదివింపుల ఆచారాన్ని ఇంగ్లీషులో వివరించడానికి ఒక మధ్యాహ్నమంతా తంటాలు పడ్డాను. మా బంధువులు మిమ్మల్ని మోసం చెయ్యలేదు, నన్ను గౌరవించారు, అంతే అని రాశాను. కుదరదని రెండు ముక్కల్లో జవాబొచ్చింది. మనసు మార్చుకోమని మళ్ళీ రాయడానికి దారి కూడా లేదు.

ఉగాది రోజు బావగారు మా ఇంట్లోనే పచ్చడి తిని, "రేపు పొద్దున్నే వచ్చెయ్యమ్మా" అన్నారు. ఎటకారం కూడా చెయ్యలేదు. అందుకు ఇంకా మండింది.

మర్నాడు నేను జడ వేసుకుని బయటికొచ్చేసరికి అత్తయ్యగారు ఇంట్లో లేరు. గుడికెళ్ళారనుకున్నాం. కాసేపటికి బావగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, నువ్వు తొందరగా రామ్మా. అమ్మ వచ్చి కౌంటర్లో కూర్చుంది. లేవమంటే లేవట్లేదు."

నేను వెళ్ళేసరికి ఆవిడ గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, క్యారేజీ పక్కన పెట్టుకుని, కౌంటర్లో నిటారుగా కూర్చుని ఉన్నారు. షాపు నిండా రొయ్యల రైతులు. అడిగినా అడక్కపోయినా ప్రతివాళ్ళకీ చెబుతున్నారు. "మా చిన్నకోడలు రావాలండి ఇక్కడికి. దాని పని నేను చెడగొట్టాను, అందుకని దాని బదులు నేనొచ్చాను. జీతం లేదండి, ఇంట్లో మనిషినే కదా!" గొంతులో కోపమేమీ లేదు. పేరంటానికి పిలిచినంత మర్యాదగా చెబుతున్నారు. "ఈ వయసులో పెద్దావిడ చేత చేయిస్తున్నారాండీ!" అని ఒకాయన అననే అన్నాడు. బావగారు చెమటలు తుడుచుకుంటూ నాకేసి చూసి, "నువ్వైనా లేపమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నారు. నేను ఒక స్టూలు లాక్కుని ఆవిడ పక్కనే కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా ఉంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని ఇద్దరం అక్కడే తిన్నాం. సాయంత్రానికి బావగారు దిగొచ్చారు. "రేపట్నుంచి మనిషిని పెట్టుకుంటానమ్మా, అమ్మాయిని రమ్మనను. ఇంక లే" అన్నారు.

"జీతానికేనా?" అని అడిగారు అత్తయ్యగారు.

"జీతానికేనమ్మా."

"మరి ఈరోజు నేను కూర్చున్నదానికి?" అని చెయ్యి చాపారు. రైతులు ఇంకా నిలబడే ఉన్నారు. బావగారు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేసి, డ్రాయర్ లాగి డబ్బు తీసి చేతిలో పెట్టారు.

తిరిగొస్తుంటే ఆటోలో ఆ డబ్బు గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నారు. కాలవ దాటాక, "మీ మావయ్యగారి రైసుమిల్లులో కౌంటరు నేనే చూసేదాన్నే" అన్నారు. "మీ బావగారు నా ఒళ్ళో ఉండగా కూడా ధాన్యం తూకాలు నేనే చూసేదాన్ని. ఆయన పోయేదాకా నేనే. అడగొచ్చని కూడా తెలీదు నాకు."

ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ సంగతి నాకు తెలీదు. నా ఖాతా పోయిందని ఆవిడమీద అరిచినప్పటి నా గొంతు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ భుజం పట్టుకుని కూర్చున్నాను.

ఆటో ఇంటి ముందు ఆగింది. నేను పర్సు తియ్యబోతే నా చెయ్యి పక్కకి తోసేశారు.

"ఉండవే, నేనిస్తాను. నా దగ్గర ఉన్నాయి" అన్నారు.