ఆషాఢంలో ఇవ్వని తాళంచెవి

దుర్గేష్ మా కింది వాటాలో ఆరేళ్ళు అద్దెకున్నాడు. ఒక్కనాడు కూడా గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. అంత మెత్తదనం చూస్తే నాకు చిరాకేసేది. జనగామ వైపు నుంచి తల్లి వెంకటనర్సమ్మతో వచ్చి, నాచారం ఫ్యాక్టరీల సరుకు ట్రాలీ ఆటోలో తోలి బతికేవాడు. ఆ ఆటోయే వాళ్ళకు పొలం, పుట్రా, సమస్తం.

మా ఓనరు సుబ్రహ్మణ్యానికి ప్లైవుడ్ దుకాణం ఉంది. గోదాము మా పెరట్లోనే. తన కొడుకు కాపురం పెడతాడు, కింది వాటా ఖాళీ చేయమన్నాడు. ముసలావిడ మెట్లెక్కలేదు, కింది అంతస్తులో ఇల్లెక్కడా దొరకలేదు. నెలలు గడిచేసరికి ఓనరు కోర్టుకెక్కాడు. అప్పటికి ఉప్పల్లో ఒక గది కుదిరింది. ఆషాఢం రాకముందే అక్కడ పాలు పొంగించి, సామాను మోసుకుపోయారు.

తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. శూన్యమాసంలో ఇల్లు అప్పజెబితే ఇచ్చినవాళ్ళకూ, పుచ్చుకున్నవాళ్ళకూ మంచిది కాదని వెంకటనర్సమ్మ పట్టు. ఇల్లు బోసిగా ఉండకూడదని ఉప్పు డబ్బా ఒకటి లోపలుంచి తాళం వేయించింది. శ్రావణంలో ఇస్తామని దుర్గేష్ ఫోన్ చేస్తే ఓనరు ఊఁ అన్నాడట. ఆ ఊఁ నమ్ముకుని ఈ మహానుభావుడు వాయిదాకు కూడా పోలేదు. ఇల్లే వదిలేశాక కేసేమిటని అతని లెక్క. మూసిన తలుపుకు కోర్టు కాగితం అంటించారని నేనే చెప్పాను. ఓనరుకు అన్నీ తెలుసు కదా అన్నాడు.

కోర్టు లెక్క వేరు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఇల్లు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఎన్నడూ కదలని కోర్టు, దుర్గేష్ వాయిదాకు రాలేదని, ఈ ఒక్క కేసులో పరుగెత్తింది. శ్రావణ శుక్రవారం దుర్గేష్ తాళంచెవికి పసుపు రాసి మరీ తెచ్చాడు. ఓనరు అది పుచ్చుకుని తీర్పు నకలు చేతిలో పెట్టాడు. ఇల్లు ఖాళీ చేయాలి, కేసు ఖర్చులూ కట్టాలి.

“ఇల్లిచ్చావు, సంతోషం. వకీలు ఖర్చు నేనెందుకు భరించాలయ్యా?” అన్నాడు.

అడ్వాన్సేమో సున్నాలకూ రంగులకూ అని ఓనరు పట్టేసుకున్నాడు. ఖర్చులు కట్టకపోతే ఆటో జప్తు. తీర్పు మార్పించుకుందామంటే మళ్ళీ వకీలు, మళ్ళీ వాయిదాలు, ఆ రోజులన్నీ కిరాయిలు బంద్. నాకు ఒళ్ళు మండి ఓనరుతో గొడవకు దిగాను. ఆయన తాపీగా కాగితం చూపించాడు. అందులో వెతికినా తప్పు కనబడలేదు, నా మంటంతా అదే.

చివరికి దుర్గేషే ఒప్పుకున్నాడు. బాకీ తీరేదాకా ఓనరు ప్లైవుడ్ లోడ్లు కిరాయి లేకుండా తోలాలి, డీజిలూ తనదే. రోజూ మధ్యాహ్నం దాకా ఇదే పని. ఈలోపు ఫ్యాక్టరీల కిరాయిలు వేరే ట్రాలీలకు పోతున్నాయి. అవి పోతే చేతిలో డబ్బు ఆడదు, డబ్బు ఆడకపోతే ఈ లోడ్లు తప్పవు. ఆటో పోలేదు గానీ, అతని ఆటోగానూ మిగల్లేదు. అది చూస్తుంటే నాకు ఏడుపొస్తుంది.

నిన్న పొద్దున గేటు దగ్గర నీళ్ళడిగాడు. చెంబు అందిస్తూ, ఎన్నాళ్ళిలా అన్నాను.

“ఇండ్ల ఉన్నప్పుడు నెలకొక్కపారి ఆయన మొఖం సూశెటోణ్ణి శారదక్కా. ఖాళీ జేసినంక రోజు సూస్తున్న.”