పొయ్యి లేని గది

మా అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుతో మా ఇంట్లో తెల్లవారేది. ఒక చలికాలం పొద్దున ఆ చప్పుడు మొదలై మధ్యలో ఆగిపోయింది. కాసేపు చూసి లేచి వెళ్ళాను. పెనం మీద రొట్టె మాడుతోంది. అమ్మ పిండి అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"ఏందమ్మా?"

"వేళ్ళు వంగుతలెవ్వురా. కట్టెల్లెక్క అయినయి."

"చలికి గట్లనే ఉంటది. జర పొయ్యి కాడ కాపుకో" అని చెప్పి, మాడని రొట్టె ఒకటి తీసుకుని తిని ఆఫీసుకు పోయాను.

అప్పుడు మేము జనగామలో ఉండేవాళ్ళం. బాపు చనిపోయి చాలా కాలమైంది. ఊళ్ళో పొలం కౌలుకిచ్చి నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్నాను. నాకింకా పెళ్ళి కాలేదు. చెల్లెలు సరోజ మహబూబాబాద్‌లో టీచరు. మేమంతా ఆ ఊరిని మానుకోట అనే అంటాం. శనివారం రైలెక్కి వచ్చి, వారానికి సరిపడా బట్టలు ఉతికి, పిండి పట్టించి, సోమవారం పొద్దున మళ్ళీ రైలెక్కేది. అదంతా మామూలే అనుకునేవాణ్ణి.

ఆముదం రాశాం. ఉప్పు మూటతో కాపడం పెట్టాం. వేళ్ళ నొప్పి మణికట్టుకు, అక్కడి నుంచి మోకాళ్ళకు పాకింది. చివరికి జనగామలోనే ఒక డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ముందు నాడి కూడా చూడలేదు.

"పొద్దున లేచాక ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయమ్మా?"

"పొద్దు ఎక్కేదాక సారు."

"పిడికిలి పట్టండి."

అమ్మ పట్టబోయింది. వేళ్ళ కొసలు అరచేతిని తాకలేదు. గాలిని పట్టుకున్నట్టు సగంలో ఆగిపోయాయి. ఆయన వరంగల్ పంపి రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు తీయించాడు. ఒంట్లో వాపును చూపే ఈ.ఎస్.ఆర్. బాగా ఎక్కువగా ఉంది. ఆర్.ఏ. ఫ్యాక్టర్ పాజిటివ్. "కీళ్ళవాతంలో ఒక రకం, రుమటాయిడ్ ఆర్థరైటిస్" అన్నాడు.

"గీ పేరు పలుకుతాంటెనే నొస్తున్నది సారు" అంది అమ్మ.

ఆయన నవ్వి, తర్వాత నిదానంగా చెప్పాడు. "ఇది పూర్తిగా పోదమ్మా. మన మాట వినేలా చేసుకోవచ్చు."

మొదట ఆస్పిరిన్ ఇచ్చాడు. కడుపులో మంట పుట్టింది. తర్వాత క్లోరోక్విన్ రాశాడు. "మలేరియా గోలీ నాకెందుకు? నాకు చలిజ్వరం లేదు గద" అని అమ్మ వాదన. "కీళ్ళకు కూడా పని చేస్తుంది. చూపు దెబ్బతినొచ్చు, మధ్యమధ్యలో కళ్ళు మాత్రం చూపించుకోవాలి" అన్నాడు. మేము లేవబోతుంటే నన్ను ఆపాడు.

"మందులు సగమే. మిగతా సగం రెస్ట్. ఈ చలి రోజుల్లో ఎక్కడైనా వెచ్చగా ఉండే చోటికి కొన్నాళ్ళు పంపండి. వెచ్చదనంతో జబ్బు పోదు, బిగుసుకోవడం తగ్గుతుంది. ఇంట్లో ఉంటే ఈమె పని మానదు." అని సరోజ వైపు చూశాడు. "ఈ అమ్మాయిని కూడా తోడు పంపండి. మొహం చూడండి ఎలా ఉందో."

నేను అప్పటిదాకా ఆ మొహం చూడలేదు.

పంపడానికి చోటు వెతకమంటే నాకు తెలిసినవి రెండే: చుట్టాల ఇల్లు, దేవుని గుడి. ఊరికే కూర్చోవడానికి ఎవరైనా ఎక్కడికైనా పోతారని నాకు ఊహకైనా రాలేదు. చిన్నమ్మది కాటారం. అడవి గాలి, కమ్మటి పాలు, పెద్ద ఇల్లు. ఎవరినీ అడగకుండా నేనే నిర్ణయించి, భూపాలపల్లి మీదుగా పోయే బస్సులో ఇద్దరినీ ఎక్కించాను.

ఆ అడవి అంచున చలి జనగామ చలికి రెండింతలు. పొద్దెక్కినా పొలాల మీద మంచు విడిచేది కాదట. చిన్నమ్మ చెడ్డది కాదు, అక్క వచ్చిందని సంబరపడింది. "అక్క చేతి పులుసు తిని ఎన్నేండ్లాయె" అంది. ఇంకేముంది, ఆ పులుసు కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా చుట్టాలు దిగారు. సరోజ వాకిలి ఊడ్చింది, అంట్లు తోమింది, చిన్నమ్మ మనవలకు ఎక్కాలు చెప్పింది. రెస్టుకని పోయిన ఇద్దరూ పోయినప్పటికన్నా అధ్వానంగా తిరిగొచ్చారు. అమ్మ మోకాలు గుమ్మడికాయంత వాచింది. బస్సు నుంచి నేనే ఎత్తి దింపాను.

"ఎక్కడికి పంపారు?" డాక్టర్ గొంతు మారింది.

"కాటారం సార్. చుట్టాలున్నారని."

"చుట్టాలున్న చోటికి పంపమన్నానా నేను?"

ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టక తప్పలేదు. దానికి అమ్మ మొహం ఉబ్బింది. చూసినవాళ్ళంతా "కాటారం పాలు వట్టినయి, ఒళ్ళు చేసింది" అన్నారు. వాళ్ళు వెళ్ళాక అమ్మ గోడకు మొహం తిప్పుకుని పడుకునేది.

తర్వాతి చలికాలానికి సరోజే నోరు విప్పింది. తన బడిలో ఒక కోస్తా టీచరమ్మ ఉంది. చీరాల దగ్గర వాడరేవులో, సముద్రం ఒడ్డున, ఒక పెద్దావిడ గది అద్దెకిస్తుందని, సంక్రాంతి రోజుల్లో కూడా అక్కడ ఎముకలు కొరికే చలి ఉండదని ఆమె చెప్పింది. భోజనం క్యారియర్‌లో వస్తుంది.

"గదిల పొయ్యి ఉంటదా?" అని అమ్మ ఒక్కటే అడిగింది.

"ఉండదమ్మా."

"గట్లయితె పోదాం. పొయ్యి కనవడ్తె నా చేతులు ఊకోవు. నన్ను జూసి ఎవ్వలూ ఊకోరు."

నేను భగ్గుమన్నాను. అరవై తొమ్మిదిలో నేను డిగ్రీ విద్యార్థిని. వరంగల్ రోడ్డు మీద జై తెలంగాణ అని పిడికిలి ఎత్తి, భుజం మీద లాఠీ దెబ్బ తిన్నాను. ఒక చదువు సంవత్సరం పోయింది. "దవాఖాన" అన్నందుకు క్లాసులో నా మాటను ఎక్కిరించిన కోస్తా లెక్చరర్‌ను ఈ రోజుకీ మరచిపోలేదు. ఆ కోపం అబద్ధం కాదు. ఇప్పుడూ అబద్ధమని అనను. దాన్ని ఎక్కడ వాడానన్నదే నా తప్పు.

"ఆంధ్రకు పోతరా? నేను దెబ్బలు తిన్నది గిందుకేనా?"

"అన్నా, సముద్రం ఎవ్వల నౌకరీ గుంజుకోలే" అంది సరోజ.

"నువ్వు నడుమ మాట్లాడకు."

"నాతోని మాట్లాడు" అంది అమ్మ. "దెబ్బ తిన్నది నీ భుజం. నొస్తున్నది నా మోకాలు. నీ భుజానికి కాపడం వెట్టింది గూడ గీ చేతులేరా."

నేను టికెట్లు తీయనన్నాను. ఆమె నన్ను మళ్ళీ అడగలేదు. మానుకోటలో కూతురి దగ్గర నాలుగు రోజులు ఉండి వస్తానని పోయి, అక్కడి నుంచే ఇద్దరూ విజయవాడ రైలెక్కారు. రైలెక్కేముందు ఎవరితోనో కబురు పంపారు: "దాసిపెట్టి పోతలేం. చెప్పి పోతున్నం."

వీధిలో అడిగారు. పెద్దరైతు ఇంటి ఆడవాళ్ళు, అందులో పెళ్ళికాని పిల్ల, పని లేకుండా సముద్రం ఒడ్డున కూర్చోవడానికి పోయారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "తీర్థానికి పోయిన్రు" అన్నాను. పక్కింటామె భక్తిగా కొబ్బరికాయ ఒకటి తెచ్చిచ్చింది, ఈసారి పోయినప్పుడు కొట్టమని. ఆ అబద్ధం కాటారం దాకా పోయింది.

తర్వాత కోపం ఆగక వాళ్ళను తీసుకొద్దామని నేనూ రైలెక్కాను. చీరాలలో రైలు దిగి, బస్సులో వాడరేవు చేరేసరికి మధ్యాహ్నం. ఒడ్డున తాటాకు పందిరి నీడలో సరోజ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి ఒకటి ఇసుకలో పడేసి. నా చెల్లెలు పట్టపగలు నిద్రపోగా నేను చూడటం అదే మొదలు. అమ్మ ఎండలో కూర్చుని మోకాళ్ళ దాకా వెచ్చటి ఇసుక కప్పుకుంది.

"వచ్చినవా? చెప్పులిప్పు, కాళ్ళు కాల్తయి, మంచిగుంటది" అంది, నేను రోజూ అక్కడికి వచ్చేవాణ్ణన్నట్టు.

"ఇంటికి పోదాం పా అమ్మా."

ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. వేళ్ళు ఒక్కొక్కటే మెల్లగా ముడిచింది. చిటికెనవేలు కొంచెం మొరాయించింది. తర్వాత అదీ వచ్చింది. పిడికిలి నా మొహం ముందు పెట్టి అట్లాగే ఉంచింది.

"సూసినవా?"

చూశాను. పక్కన కూలబడ్డాను. వరంగల్ రోడ్డు మీద మేమెత్తిన పిడికిళ్ళలో ఒక్కదానికీ అంత కష్టం పట్టలేదు.

గది ఇచ్చిన పెద్దావిడ సాయంత్రం వచ్చింది. "మీ అమ్మగారు భలే మనిషండీ. వచ్చిన రోజే మీ మాట తమాషాగా ఉందమ్మా అన్నాను. మీ మాట గూడ మాకు తమాషాగనే ఉన్నది, మేం నవ్వుతలేం గద అనేసింది!" అని తనే నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ అమ్మకు కాఫీ తెచ్చి, తమాషా మాటలు చెప్పించుకునేదట. నన్నూ రెండు రోజులు ఉండమంది. ఉన్నాను.

తిరిగొచ్చాక ఇంటి నిండా జనం, ప్రసాదం కోసం. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. "ప్రసాదం లేదు. గుడికి పోలే. ఇసుకల కూసున్న" అంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మొక్కు బయటికి చెప్పొద్దని ఉంటది" అని సర్దుకుని వెళ్ళిపోయారు. నేను ఆ రోజు నోరు తెరిచి ఉంటే ఆ అబద్ధం అక్కడితో తెగిపోయేది. తెరవలేదు.

అంతా సాఫీగా జరగలేదు. నడక బాగైందని ఒక వానాకాలం మాత్రలు మానేశాం. జబ్బు రెట్టింపై తిరిగొచ్చింది. ఆ దెబ్బకు ఎడమ మణికట్టు బిగిసిపోయింది, ఇక వంగదు. "మందులు ఎవరు ఆపమన్నారు?" అని డాక్టర్ ముగ్గురినీ నిలబెట్టి అడిగాడు.

మొన్న కాటారం వైపు నుంచి ఒకామె వచ్చింది. అమ్మ జబ్బే. వేళ్ళు పక్కకు తిరుగుతున్నాయి. "ఏ దేవునికి మొక్కినవక్కా? గోలీలు బందువెట్టిన. నేను గూడ ఆడికే పోత" అంది. నేను చెప్పిన అబద్ధం ఇన్నేళ్ళకు ఆ చేతులతో మా గడప ఎక్కింది.

అమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏ దేవునికి మొక్కలే బిడ్డా. గోలీలు మింగిన. పని చెయ్యనని మొండికేసిన. ఇయ్యాల్నే గోలీలు మొదలువెట్టు." ఈసారి నేనూ పక్కనే నిలబడి అదే చెప్పాను. నమ్మిందో లేదోనని ఆమెను మా డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఇది రాస్తున్నదీ అందుకే. మా అమ్మను ఏ తీర్థమూ బాగుచేయలేదు. నేనూ బాగుచేయలేదు. ఆమె, నా చెల్లెలు ఇద్దరూ నా మాట వినకపోవడం వల్ల బాగైంది.

అమ్మకు అరవై దాటింది. మాత్రలు నడుస్తూనే ఉన్నాయి. సరోజకు పెళ్ళయింది. చలికాలం కొన్నాళ్ళు అమ్మతో వాడరేవుకు పోతానని పెళ్ళిచూపుల్లోనే చెప్పింది. ఇద్దరూ ఏటా పోతారు. ఇంట్లో రొట్టెలు నేనూ నా భార్యా వంతులేసుకుని చేస్తాం. నా రొట్టె చూస్తే అమ్మకు నవ్వాగదు. "గుండ్రంగ లేకుంటె మానె, తెలంగాణ పటం లెక్క వచ్చింది" అంటుంది. అయినా తింటుంది.

చదివే మీకు ఒక్క మాట. మీ అమ్మకో చెల్లెలికో డాక్టర్ రెస్ట్ అన్నప్పుడు ఎక్కడికి పంపాలా అని మీరు ఆలోచించకండి, ఆమెనే అడగండి. ఆమె చెప్పిన చోట పొయ్యి ఉంటే అది ఎవరు ముట్టిస్తారో ముందే తేల్చుకోండి. ఎక్కడికి పోయారని వీధిలో ఎవరైనా అడిగితే నిజం చెప్పండి: ఊరికే కూర్చోవడానికి పోయారు.