ఒక కప్పు అన్నం బరువు

హనుమకొండలో ఆదిలక్ష్మి చాలా ఏళ్లు కర్రీ పాయింట్ నడిపింది. కూరలతోపాటు అన్నం ప్యాకెట్లూ అమ్మేది. కంటి అంచనాతోనే మనిషికి సరిపడా అన్నం తీసిపెట్టేది. మోకాళ్లు మొరాయించాక కొట్టు ఎత్తేసి, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉంటున్న కొడుకు శశికాంత్ దగ్గరికి వచ్చింది.

మనవరాలు రుచితకు ఎనిమిదేళ్లు. పోయిన చలికాలంలో ఆ పిల్లకు షుగర్ బయటపడింది. అప్పటినుంచీ పొట్ట దగ్గర ఇన్సులిన్ పంపు, చేతికి షుగర్ అంకె చూపే సెన్సర్. తినబోయే అన్నం తూచి, ఆ లెక్క పంపులో కొడితే దానికి తగ్గ మందు ఒంట్లోకి వెళుతుంది. పసిపిల్ల తిండిని తూచడం ఆదిలక్ష్మికి మొదట్లో మింగుడు పడలేదు. కోడలు శ్రావ్య ఓపిగ్గా వివరించాక తనే తూచిపెట్టడం నేర్చుకుంది.

బడి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కాటా పనిచేయలేదు. బ్యాటరీ అయిపోయింది. ఆఫీసులో ఉన్న శ్రావ్యకు ఫోన్ చేస్తే, తెల్ల కప్పు నిండా పెడితే నూట యాభై గ్రాములని, తను ఇదివరకు తూచి చూశానని చెప్పింది. ఆదిలక్ష్మి అప్పుడే దించిన అన్నాన్ని అలవాటు కొద్దీ పొడిపొడిగా విడదీసి కప్పు నింపింది. రుచిత నూట యాభైకి లెక్క కొట్టుకుని, గోంగూర, నెయ్యి కలిపించుకుని తినేసింది.

బొమ్మ గీస్తున్న పిల్ల కొంతసేపటికి పెన్సిల్ వదిలేసింది. నుదుటి మీద చెమట పట్టింది. షుగర్ పడిపోయిందని సెన్సర్ మోగింది.

"నానమ్మా, చేతులు వణుకుతున్నయ్. జాఫ్ట్ కావాలి."

జాఫ్ట్ అంటే పళ్లరసమని ఆదిలక్ష్మికి తెలుసు. ఫ్రిజ్‌లోంచి ఆపిల్ రసం తీసి, సీసా మూత తిప్పి అందించింది. రుచిత తాగింది. సెన్సర్‌లో అంకె పైకి వచ్చేదాకా ఆదిలక్ష్మి ఆ పిల్ల చేయి వదల్లేదు.

సెన్సర్ హెచ్చరిక తన ఫోన్‌లో చూసి శ్రావ్య హడావిడిగా ఇల్లు చేరింది. దారిలో కొన్న బ్యాటరీ కాటాలో వేసి, అదే అన్నాన్ని అదే కప్పుతో తూచింది. విడదీసి పోస్తే నూట పది గ్రాములు, అంటే నలభై గ్రాముల అన్నానికి మందు ఎక్కువ వెళ్లింది. గరిటెతో అదిమితే నూట యాభై దాటింది. తను అప్పట్లో తూచింది ఫ్రిజ్‌లో ముద్దకట్టిన అన్నమని అప్పుడు గుర్తొచ్చింది.

"తప్పు నాదే అత్తమ్మా. కప్పు నిండితే చాలనుకున్న. ఎట్ల నింపాల్నో చెప్పలె."

"నాకు ఎరుకే బిడ్డా. విడదీసి పోస్తే తక్కువ అన్నానికే ప్యాకెట్ నిండుతది. గిరాకీలకు రోజూ పోసినదాన్ని, ఇయ్యాల యాదికి రాలె."

ఇద్దరూ కూర్చుని ఒక పద్ధతి అనుకున్నారు. కాటా ఉన్నంతవరకూ కాటానే. గత్యంతరం లేనప్పుడు వేడి అన్నాన్ని విడదీసి, కప్పు అంచుకు సమంగా చాకుతో గీసి, నూట పది అని లెక్కకట్టాలి. పెరుగన్నానికి మాత్రం కప్పు లెక్క పనికిరాదు. మెత్తగా పిసికితే అన్నం కుదించుకుపోతుంది, పైగా పాలు, పెరుగు కలుస్తాయి.

మర్నాడు రుచిత పెరుగన్నమే అడిగింది. ఆదిలక్ష్మి అన్నం, పాలు, పెరుగు దేనికది తూచి కలిపింది. చివరి ముద్దలు ఉండగానే పిల్ల కడుపు నిండిందని లేచింది. ఒక్క ముద్ద తినమని బతిమాలబోయి ఆదిలక్ష్మి ఆగిపోయింది. మిగిలింది తూచి శ్రావ్యకు ఫోన్ చేసింది.

"ముప్పై గ్రాములు మిగిలింది. మందేమో ముందే పోయింది. ఏం చెయ్యాలె?"

ఆ లోటు తీరేలా రెండు ఆపిల్ ముక్కలు పెట్టమంది శ్రావ్య. అన్నం వద్దన్న పిల్ల ఆపిల్ మాత్రం వెంటనే తినేసింది.