ఉచ్చీరమ్మ కళ్ల ముందు రెండు వేళ్లు

మా అత్త ఉచ్చీరమ్మకు కన్నకూతురి ముఖం గుర్తుకు రాకుండా పోయింది.

ఆదోని పక్కన మా ఊరి నుంచి ఎమ్మిగనూరు వైపు పత్తి తీయడానికి కూలీలతో పోతున్న ఆటోను లారీ గుద్దింది. తల్లి పక్కనే కూర్చున్న నా భార్య సునీత చనిపోయింది. ఆ తర్వాత అత్త బిడ్డను తలుచుకుంటే చాలు, లారీయే కళ్లలోకి దూసుకొచ్చేది. ఫొటో చూపించినా ముఖం తిప్పుకునేది. ఆటో ఎక్కడం మానేసింది. ఎంత దూరమైనా నడకే.

ఆదోనిలో హెప్సిబా అనే కౌన్సెలర్ కళ్లు కదిలించి చేసే వైద్యం ఒకటి ఉందని తెలిసి తీసుకుపోయాను. నడిచే పోయాం.

మొదట్లో అన్నీ మాటలే. తర్వాత ఒకరోజు హెప్సిబా కుర్చీ ఎదురుగా జరుపుకుంది.

"ఆ లారీని మనసులో పెట్టుకోమ్మా. తల కదిలించొద్దు. కండ్లతోనే నా ఏళ్ల ఎంబడి రా."

రెండు వేళ్లు అటూ ఇటూ ఆడాయి. అత్త కళ్లు వాటి వెంట పోయాయి. వేళ్లు ఆగగానే వాటి మీద "థూ, థూ, థూ" అని ఉమ్మింది.

"ఏందత్తా ఇది!" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

"దిష్టి తీసినాక ఉమ్మకుంటే ఎట్ల పోతాదప్పా? నీకేం తెలుసు, ఊరుకో."

హెప్సిబా చెయ్యి తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. "మా జేజి గూడా ఇట్లే తీసేది. ఇది దిష్టి కాదులేమ్మా. నీ మనసు ఆడ్నే ఇరుక్కోనుంది, కదిలిస్తాండాం. ఈతూరి గట్టిగ ఊపిరి ఇడుసు, సాలు."

అత్త కూడా నవ్వింది. సునీత పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

వారం వారం పోయాం. వేళ్లు ఆగినప్పుడల్లా "ఏం కనపడతాంది?" అని హెప్సిబా అడిగేది. లారీ. లారీ చప్పుడు. ఒకసారి, "లారీ దూరంగ పోయింది." నేను గోడకు ఆనుకుని చూస్తుండేవాణ్ణి. మందు లేదు, సూది లేదు. గాలిలో కదిలే వేళ్లు, వాటి వెంట ఎండకు మసకబారిన రెండు కళ్లు.

ఒకనాడు ఆ కళ్లలో నీళ్లు నిండాయి.

"ఏం కనపడతాందమ్మా?"

"నా బిడ్డ."

నేను గోడ వదిలి ముందుకు వచ్చాను.

"ఆటోలో సద్దిగిన్నె మూత తీసి, చెనిక్కాయల కారం ఏలితో నాకింది. 'నీ అల్లుడు ఇంట్లో ఉప్పంతా దీంట్లోనే పోసినాడు సూడుమా' అని నగుతాంది. పండ్ల మింద ఎర్రగ కారం." అత్త నా వైపు తిరిగింది. "నాకు మాత్రం రవ్వంత గూడా పెట్టలేదు నాయనా. అంతా తనకే కావాలంట."

ఆ పొద్దు కారం నూరింది నేనే. ఆటోలో సునీత ఏం మాట్లాడిందో అప్పటిదాకా నాకు చెప్పినవాళ్లు లేరు.

బయటికొచ్చాక అత్త రోడ్డు పక్కన ఆగివున్న ఆటో దగ్గర నిలబడిపోయింది. చాలాసేపటికి ఎక్కి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊరు దగ్గర పడుతుంటే పట్టు కొంచెం వదిలి అంది:

"రేపు కారం నేను నూరుతాలే."