గోడ ఇంకా చెప్పలేదు

మామగారికి ఒకటే జబ్బు. గోడ కనిపిస్తే దాని మీద అరచేయంత రంగు మచ్చ పెట్టకుండా ఉండలేరు. పెట్టాక ఆ మచ్చను చూస్తూ రోజులు గడిపేస్తారు. మిగతా గోడ మాత్రం అలాగే ఉండిపోతుంది. నలభై ఏళ్ళు ఇళ్ళకు రంగులు వేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన్ని వీధిలో అందరూ మచ్చల మేస్త్రి అనేవారు. కోడలు మాత్రం పళ్ళు నూరుకునేది.

నూరుకోదూ మరి! "హాలుకి నేనే రంగు వేస్తానమ్మా" అని ఆయన మాటిచ్చి ఎనిమిది నెలలైంది. ఇప్పటికి హాలు గోడల మీద పదకొండు మచ్చలు తేలాయి. మొన్న పక్కింటావిడ వచ్చి, నాలుగు వైపులా చూసి, గొంతు తగ్గించి, "మీ గోడలకేమైనా చర్మవ్యాధా?" అని అడిగింది. కోడలికి తల కొట్టేసినట్టయింది.

"మామయ్యా, ఏదో ఒక రంగు తేల్చండి. ఎన్నాళ్ళిలా మీనమేషాలు లెక్కపెడతారు?"

"గోడ ఇంకా చెప్పలేదమ్మా."

ఎప్పుడడిగినా ఇదే జవాబు. భర్తతో చెప్పుకుంటే, "నాన్నకి నలభై ఏళ్ళ అనుభవం ఉంది కదా" అన్నాడు.

"ఆ నలభై ఏళ్ళలో ఎన్ని గోడలు పూర్తయ్యాయో చెప్పండి చూద్దాం."

భర్త రెండు వేళ్ళు మడిచి, ఒకటి మళ్ళీ తెరిచి, పేపరు అందుకున్నాడు.

పోనీ, ఆ జబ్బు ఇంటివరకైనా ఆగిందా? మోకాలి నొప్పంటే కోడలు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. "నొప్పి ఎక్కడండీ?" అని డాక్టరు అడిగితే, మామగారు ఎదురుగా ఉన్న గోడను చూపించారు. "ఈ పసుపేంటి బాబూ! బాగున్నవాడికి కూడా కామెర్లు గుర్తొస్తాయి" అంటూ సంచిలోంచి బుల్లి డబ్బా, బ్రష్షు తీశారు. డాక్టరు మందుల చీటీ రాసేలోపు గోడ మీద లేతాకుపచ్చ మచ్చ పడింది. ఆ తర్వాత కోడలు ఆ వీధిలో నడవడమే మానుకుంది.

అన్నిటికన్నా ఆమెను ఏడిపించింది కుర్చీ. ఆమె నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరులో పని చేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడ్డమైన వాళ్ళ అరుపులూ విని, తలనొప్పితో ఇంటికొచ్చి చేతుల కుర్చీలో కూలబడుతుంది. ఆ కుర్చీ పెట్టిన చోట ఉండదు. ఒక వారం కిటికీ పక్కన, ఒక వారం బీరువాకు ఎదురుగా. ఒకరోజు చూసుకోకుండా పాత చోటే కూర్చోబోయి నేల మీద కూలబడింది.

"మామయ్యా! కుర్చీ మళ్ళీ జరిపారా?"

మామగారు చెవి వెనకున్న పెన్సిలు తీసి, చిన్న పుస్తకంలో ఏదో గీసుకున్నారు. రంగుల పాళ్ళేవో రాసుకుంటున్నారనుకుంది.

చివరికి ఆమె ఓపిక నశించింది. "ఆదివారం లోపల హాలు పూర్తి కాకపోతే వేరే పెయింటరుని పిలుస్తాను" అని తెగేసి చెప్పింది. మేస్త్రి ఇంట్లో ఇంకొకడు బ్రష్షు పట్టడమంటే మామూలు మాటా! మామగారి ముఖం చిన్నబోయింది. అది చూసి ఆమెకూ మనసు చివుక్కుమంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం పొద్దున్నే, ఎంత ఇల్లయినా రెండు రోజుల్లో ముగిస్తాడని పేరున్న పెయింటరు నిచ్చెనతో సహా దిగాడు.

"ఏ రంగు వేయమంటారమ్మా?"

కోడలు గోడల మీది మచ్చలన్నీ ఒకసారి చూసింది. ఎనిమిది నెలలుగా పోట్లాడుతోంది గానీ ఏ రంగు కావాలో ఎప్పుడూ ఆలోచించలేదు. మామగారు తన పుస్తకం తీసి పెయింటరు చేతిలో పెట్టారు. అతను పైకే చదవడం మొదలుపెట్టాడు.

"నీలం మచ్చ ఎదురుగా కుర్చీ. సోమవారం, అరుపులు నాలుగు. మంగళవారం ఐదు, ఒక గిన్నె విసురు. ఇటుక రంగు ఎదురుగా, అరుపులు తొమ్మిది. నేను మేడ మీదికి వెళ్ళిపోయాను."

"ఏంటిది మామయ్యా! నా అరుపులు లెక్కపెడుతున్నారా?" ఆమెకు ఒళ్ళు మండింది.

"మొదటి పేజీ చదువు బాబూ" అన్నారు మామగారు నేల చూపులు చూస్తూ.

పెయింటరు పేజీలు వెనక్కి తిప్పాడు. "అమ్మాయి రోజూ తలనొప్పితో వస్తోంది. ఊరందరి కోపం మోసుకొస్తోంది. ఏ రంగు ముందు కూర్చుంటే ఆమెకి కాస్త హాయిగా ఉంటుందో అదే వెయ్యాలి. అడిగితే నా మనసు నొప్పించకూడదని ఏదో ఒకటి వెయ్యమంటుంది. అడగకూడదు."

కోడలు ఆ పుస్తకం అందుకుంది. దాన్ని మూసి, "నేనరిచింది రంగుల్ని చూసి కాదు మామయ్యా. మిమ్మల్ని చూసి" అంది.

మామగారు ఉలిక్కిపడ్డారు. "అయ్యో! అది తోచనేలేదమ్మా. అయితే నేను ఇంట్లో లేకుండా మళ్ళీ మొదటి నుంచీ చూడాలి."

"మళ్ళీనా!" అన్నారు కోడలు, భర్త, పెయింటరు ఒక్కసారిగా.

"వద్దు మామయ్యా. అన్నిటికన్నా తక్కువ అరిచింది ఎక్కడ?"

"గంధం రంగు దగ్గర. ఒక్కసారే అరిచావు. తర్వాత కుర్చీలోనే నిద్రపోయావు."

ఆ నిద్ర ఆమెకు గుర్తుంది. లేచేసరికి ఒంటి మీద దుప్పటి కప్పి ఉంది. భర్త కప్పాడనుకుంది ఇన్నాళ్ళూ.

"అయితే అదే వెయ్యండి. మీరే వెయ్యాలి" అంది. పెయింటరు నిచ్చెన పట్టుకున్నాడు.

రెండో రోజు సాయంత్రానికి హాలు నాలుగు గోడలూ గంధం రంగుతో, ఒక్క మచ్చ లేకుండా తయారయ్యాయి. ఆఫీసు నుంచి వచ్చి కోడలు కుర్చీలో కూర్చుంది. పావుగంట గడిచింది. తలనొప్పి సంగతే గుర్తు రాలేదు. ఇంతలో వంటింట్లోంచి డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే, పొయ్యి వెనక గోడ మీద అరచేయంత నారింజ మచ్చ.

"మామయ్యా!"

మామగారు బ్రష్షు పక్కన పెట్టి, చెవి వెనకున్న పెన్సిలు తీసి, కొత్త పేజీలో రాసుకున్నారు. "వంటిల్లు. ఒకటి."