బిల్డు నడిచే రెండు గంటలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో నందిగామ వెళ్లి ఒక చిన్న ఆఫీసులో పనిచేసేదాన్ని. లారీలు తూచే కాటాలకు ప్రోగ్రాములు రాయడం మా పని. ఒక్కో కాటా యజమాని ఒక్కో మార్పు అడిగేవాడు. అలా అసలు ప్రోగ్రాం నుంచి చీలిన బ్రాంచీలు ఇరవై దాకా తయారయ్యాయి. అన్నీ విజయవాడలోని సర్వర్లో ఉండేవి.

పొద్దున రాగానే, రాసిన కోడును కాటాల్లో నడిచే ప్రోగ్రాములుగా తయారుచేసే బిల్డు స్క్రిప్టు నడపాలి. అది ఫోన్ లైను మీద ఒక్కో బ్రాంచీని మొత్తం దించుకుని, మారినా మారకపోయినా మొదటినుంచీ తయారుచేసేది. రెండు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదలు. దాన్ని రాసిందీ, దాని ముందు కూర్చునేదీ నా సీనియరే. ఆమె వత్సవాయి నుంచి వచ్చేది. స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ గోడకు తల ఆనించి కళ్లు మూసుకునేది.

ఆలస్యమవుతోందని ఆఫీసు నడిపే సారు విసుక్కుంటుంటే దాన్ని మార్చడానికి నేను పూనుకున్నాను. చూస్తే, రోజుకు రెండు మూడు బ్రాంచీలే మారుతున్నాయి. సర్వర్ని ఒక్కసారే అడిగి మార్పు చేసినప్పుడల్లా పెరిగే బ్రాంచీల నంబర్లన్నీ తెచ్చుకుని, నిన్నటి నంబర్లతో పోల్చి, తేడా ఉన్నవే తయారుచేసేలా మార్చాను. అసలు ప్రోగ్రాం మారితే అన్నీ తయారుచేయాలన్నది మరిచిపోయి, ఒక కాటాకు పాతదే పంపి తిట్లు తిన్నాను. అదీ దిద్దాక పని పది నిమిషాలకు దిగింది.

సారు మెచ్చుకున్నారు. మిగిలిన టైములో మీరిద్దరూ కాటాల దగ్గరికి వెళ్లి ప్రోగ్రాములు ఎలా నడుస్తున్నాయో చూసి రండి అన్నారు. అప్పటినుంచి ఎండలో, లారీల దుమ్ములో మా తిరుగుడు మొదలైంది.

ఒకరోజు కీసర దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఆమె మెల్లగా అంది.

"ఆ స్క్రిప్టు సంగతి నాకెప్పుడో తెలుసు."

"మరెందుకు మార్చలేదక్కా?"

"మా అత్తగారు మంచంలో ఉన్నారు. నాలుగింటికి లేస్తా. రోజు మొత్తంలో నేను కూర్చునేది ఆ రెండు గంటలే. నీ తప్పేం లేదులే."

పాత స్క్రిప్టే మళ్లీ పెట్టేద్దామా అని రెండు రోజులు ఆలోచించాను. ధైర్యం చాలలేదు.

వేసవి కాగానే ఆమె మానేసి ఇంటి దగ్గర ట్యూషన్లు పెట్టుకుంది. ఆమె చోట ఎవరినీ తీసుకోలేదు. బిల్డు త్వరగా అవుతోంది కదమ్మా, నువ్వొక్కదానివి చాలు అన్నారు సారు. కాటాలన్నీ నా మీదే పడ్డాయి. సాయంత్రం జగ్గయ్యపేటలో దిగి ఇంటికి నడిచే ఓపిక కూడా ఉండేది కాదు.